ఇంట్లో దెబ్బలు తింటున్న మనిషి రహస్యంగా సాయం అడగడం ఎలా? ఒక గిన్నె చాలు

బెంగళూరులో మా మారతహళ్లి అపార్ట్‌మెంట్ గ్రూపులో ఆ చేతి సైగ వీడియో ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. అరచేయి చూపించి, బొటనవేలు లోపలికి మడిచి, మిగతా నాలుగు వేళ్లు దాని మీద మూయడం. 2020 లాక్‌డౌన్‌లో కెనడాలోని ఒక మహిళా సంస్థ వీడియో కాల్స్ కోసం తెచ్చిన సైగ అది. 2021లో అమెరికాలోని కెంటకీలో ఒక అమ్మాయి కారులోంచి ఈ సైగ చేస్తే, వెనక వస్తున్నవాళ్లు గుర్తుపట్టి పోలీసులకు చెప్పారు. మంచిదే. కానీ మా లిఫ్టులో ఎవరైనా అది చేస్తే "హాయ్" అనుకుని తిరిగి చెయ్యి ఊపుతారు. పైగా ఆ రీల్ కొట్టే మనిషీ చూసే ఉంటాడు. సైగ ఇద్దరికి మాత్రమే తెలియాలి, అంతే.

ముందు ఒక మనిషిని ఎంచుకోండి. అదే ఫ్లోర్‌లోనో, అదే బ్లాక్‌లోనో ఉండాలి. అతని తరఫు చుట్టాలు వద్దు. కడపలో ఉన్న అమ్మ కూడా వద్దు, ఆవిడ ఏడ్చి అల్లుడికే ఫోన్ చేస్తుంది.

తర్వాత గిన్నె. ఎదురింటావిడ కూర పంపిన స్టీలు గిన్నె ఒకటి మీ వంటింట్లో ఎప్పుడూ ఉండాలి. మనం ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగివ్వం కదా, చారెడు చక్కెరైనా వేసిస్తాం. అది ఖాళీగా వచ్చిందంటే "ఒకసారి రా" అని అర్థం. పిల్లాడి చేత పంపినా చాలు, వాడికేమీ తెలియక్కర్లేదు. అతను తెచ్చిస్తే మాత్రం లెక్కలోకి రాదు.

గుమ్మం దాటలేనప్పుడు ఫోన్లో ఒక మాట. మామూలుగా అడగని వస్తువు పెట్టుకోండి. "అక్కా, ఇంగువ ఉందా?" అంటే వచ్చి బెల్ కొట్టు. "గసగసాలు" అంటే వెంటనే 112కి, అంటే పోలీసుల ఎమర్జెన్సీ నంబరుకి, ఫోన్ చెయ్యి. ఇది ఎదురెదురుగా కూర్చుని చెప్పుకోవాలి. వాట్సాప్‌లో ఒక్క అక్షరం కూడా వద్దు.

అందరూ చెడగొట్టేది ఇక్కడి నుంచే. ఎందుకంటే మిగతా పని చేయాల్సింది అందుకున్న మనిషి. మొదటిసారి నాకు ఇంగువ ఫోన్ వచ్చినప్పుడు నేను "ఏమైందే, మళ్లీ కొట్టాడా?" అన్నాను. అవతల స్పీకర్‌లో ఉంది. ఆ రాత్రి ఆ పిల్ల దెబ్బలు తిన్నది నా నోటి వల్లే.

కాబట్టి మీరు అందుకునే మనిషైతే, ఏమీ అడగకండి. "ఉంది, తెస్తున్నా" అని పెట్టేయండి. తిరిగి కాల్ చేయకండి, మెసేజ్ అసలే వద్దు. ఇంకొకరిని వెంటబెట్టుకుని ఐదు నిమిషాల్లో బెల్ కొట్టండి. 2008లో మన దేశంలో 'బెల్ బజావో' ప్రచారం చెప్పింది ఇదే: బెల్ మోగితే చెయ్యి ఆగుతుంది. సాకు ఆమె గురించి కాకూడదు. "మీకు కావేరి నీళ్లు వస్తున్నాయా? మాకు చుక్క లేదు" అనండి, బెంగళూరులో ఎవరూ అనుమానించరు. గుమ్మంలోనే నిలబడండి, లోపలికి వెళ్లకండి. అతనికి బుద్ధి చెప్పబోకండి, మీరు తలుపు దాటాక ఆ బాకీ ఆమె దగ్గరే వసూలవుతుంది.

గసగసాలైతే ముందు బెల్ కాదు, 112. ఫ్లాట్ నంబరు, బ్లాకు, దగ్గర్లోని గుర్తు చెప్పండి. కన్నడ రాకపోతే ఈ ఒక్క ముక్క నేర్చుకోండి: "మనేలి హొడీతిద్దారె, బేగ బన్ని." ఫోన్ మీరే చేయాలి. ఆమె చేస్తే కాల్ లిస్టులో కనబడుతుంది.

ఫోన్లో పవర్ బటన్ గబగబా నొక్కితే ఎమర్జెన్సీ కాల్ వెళ్లే సౌకర్యం ఉంటుంది. కొన్ని ఫోన్లలో అది సైరన్‌లా మోగుతుంది. సెట్టింగ్స్‌లో ఆ శబ్దం ఆపకుండా దాన్ని నమ్ముకోవద్దు.

తర్వాతి సంగతికి మహిళల హెల్ప్‌లైన్ 181, లేదా ఇన్‌ఫెంట్రీ రోడ్డులో పోలీస్ కమిషనర్ ఆఫీసులోని మహిళల సహాయ కేంద్రం, వనితా సహాయవాణి. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లోనే ఉండే హక్కు అడగొచ్చు. వెళ్లాలా వద్దా ఆమె ఇష్టం, తొందరపెట్టకండి.

గొడవ సద్దుమణిగాక గిన్నెలో ఏదో ఒకటి వేసి మళ్లీ పంపండి. అది మీ ఇంట్లో ఉండిపోతే, ఈసారి ఆమె దేన్ని ఖాళీగా పంపుతుంది?