మార్టిన్ చట్టం: బ్రిటన్‌లోని తెలుగు సంఘాలు, ఆలయాలు ఏర్పాట్లు చేసుకోవలసిన తీరు

2017 మే 22న మాంచెస్టర్ ఎరీనాలో కచేరీ ముగిసి జనం బయటికి వస్తున్న వేళ జరిగిన ఆత్మాహుతి దాడిలో 22 మంది మరణించారు. వారిలో ఒకరైన మార్టిన్ హెట్ తల్లి ఫిగెన్ మరే ఏళ్ల తరబడి సాగించిన పోరాటం ఫలితంగా, ఉగ్రవాద దాడుల నుంచి జనం చేరే ప్రాంగణాలను కాపాడేందుకు వచ్చిన ప్రాంగణాల రక్షణ చట్టం (దీన్నే మార్టిన్ చట్టం అంటారు) 2025 ఏప్రిల్ 3న రాజామోదం పొందింది. అమలుకు ముందు కనీసం 24 నెలల సన్నాహక కాలం ఉంటుందని ప్రభుత్వం ప్రకటించింది.

ముందుగా తలల లెక్క తేల్చుకోవాలి. సిబ్బంది, వాలంటీర్లతో సహా ఒకే సమయంలో 200 మంది లేదా అంతకు మించి అప్పుడప్పుడైనా చేరే అవకాశం ఉన్న భవనం సాధారణ శ్రేణిలోకి, 800 లేదా అంతకు మించితే పెద్ద శ్రేణిలోకి వస్తుంది. వైకుంఠ ఏకాదశికి ఎంతమంది వచ్చినా ఆలయం సాధారణ శ్రేణిలోనే ఉంటుంది. ప్రార్థనా స్థలాలకు, బడులకు చట్టమే ఆ వెసులుబాటు ఇచ్చింది.

తరువాత బాధ్యత ఎవరిదో చూడాలి. చట్టం అడిగేది ప్రాంగణం ఎవరి అదుపులో ఉందన్నదే. ఉగాదికి ఒక పూట అద్దెకు తీసుకున్న బడి హాలు విషయంలో అది సాధారణంగా బడి యాజమాన్యమే అయినా, వారి ప్రణాళిక ఏమిటో ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. అలా కాకుండా సంఘమే ఒక మైదానాన్ని తన అదుపులోకి తీసుకుని, టికెట్లు చూసి లోపలికి పంపుతూ 800 లేదా అంతకు మించిన జనంతో వేడుక జరిపితే, పెద్ద శ్రేణి బాధ్యతలు సంఘం మీదే పడతాయి.

సాధారణ శ్రేణిలో కావలసినవి నాలుగు పద్ధతులు: జనాన్ని బయటికి పంపడం, ప్రమాదం బయట ఉంటే లోపలే సురక్షితమైన చోటికి చేర్చడం, తలుపులు మూసి దుండగుడిని రానివ్వకపోవడం, ఈ సంగతి అందరికీ తెలియజేయడం. వీటికోసం ఖరీదైన పరికరాలు కొనాలని చట్టం చెప్పడం లేదు కాబట్టి, అవి లేకపోతే జరిమానా తప్పదని భయపెట్టి అమ్మజూపేవారిని మర్యాదగా సాగనంపవచ్చు. ముందుగా చేయవలసింది, జనం నిండుగా ఉన్న రోజున కమిటీ సభ్యులు హాలంతా ఒకసారి నడిచి చూడటం. ఆలయాల్లో గుమ్మం దగ్గర గుట్టగా పడి ఉండే చెప్పులు దారికి ఎంత అడ్డమో, వెనుక తలుపు తాళంచెవి ఎవరి జేబులో ఉందో, నాట్యానికి ముస్తాబవుతున్న పిల్లల గది నుంచి బయటికి దారి ఎటో అప్పుడే తెలుస్తుంది.

ఈ నాలుగింటిలో ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది సమాచారం మీద. మాంచెస్టర్‌లో దుండగుడు కెమెరాకు అందని మూలలో కాచుకుని ఉండగా, అనుమానం వచ్చిన ఒక తండ్రి అక్కడి సిబ్బందికి చెప్పాడు. ఆ మాట చేరిన యువ ఉద్యోగి కంట్రోల్ రూమ్‌కు రేడియోలో చెప్పబోయినా లైను దొరకలేదని విచారణలో చెప్పాడు. అందువల్ల గేటు దగ్గరి వాలంటీరు ఎవరికి చెప్పాలో, ఆ వ్యక్తి అందకపోతే మరెవరికి చెప్పాలో, ఎవరినీ అడగకుండా అత్యవసర నంబరు 999కు ఫోన్ చేసే అధికారం తనకు ఉందో లేదో (ఉండాలి) ముందే తేల్చి చెప్పాలి. మైకు దగ్గర ఉండేవారికి తెలుగులోను, ఇంగ్లీషులోను రెండేసి వాక్యాల ప్రకటన రాసి ఇవ్వాలి. భోజనాల గదిలో మైకు వినిపించదు కనుక అక్కడికి ఒక మనిషిని కేటాయించాలి. వాలంటీర్లకు ఉగ్రవాదం నుంచి రక్షణపై బ్రిటన్‌లో నడిచే ప్రొటెక్ట్‌యూకే వెబ్‌సైట్‌లో ఉచిత శిక్షణ దొరుకుతుంది.

పెద్ద శ్రేణిలో వీటికి తోడు నిఘా, రాకపోకల నియంత్రణ, భవన భద్రత, సమాచార గోప్యత కూడా చూసుకోవాలి. అవన్నీ పత్రంగా రాసి, ఈ చట్టం అమలును పర్యవేక్షించే సెక్యూరిటీ ఇండస్ట్రీ అథారిటీకి సమర్పించాలి. నిర్వాహకులు సంస్థ అయితే పై స్థాయి వ్యక్తి ఒకరిని బాధ్యుడిగా నియమించాలి. సాధారణ శ్రేణిలో జరిమానా గరిష్ఠంగా 10,000 పౌండ్లు కాగా, పెద్ద శ్రేణిలో 1.8 కోట్ల పౌండ్లు లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 5 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకు విధించవచ్చు. చట్టం అమల్లోకి వచ్చాక ఏ శ్రేణివారైనా తమ ప్రాంగణం వివరాలను ఆ అథారిటీకి తెలియజేయాలి. బాధ్యులు మారినప్పుడు ఆ మార్పునూ తెలపాలి కనుక, ఏటా కార్యవర్గం మారే సంఘాలు బాధ్యతల అప్పగింత పత్రంలోనే దీన్ని చేర్చుకోవడం మేలు.