మల్టీ మాడ్యూల్ ఫ్లాషింగ్ – 4వ పాఠం: మాడ్యూల్ పోలేదు, కనబడటం లేదంతే

రిమోట్ కంట్రోల్ ట్రాన్స్‌మిటర్ (రేడియో)కి తగిలించే మల్టీ ప్రోటోకాల్ మాడ్యూల్‌లోకి కొత్త ఫర్మ్‌వేర్ (దాన్ని నడిపే ప్రోగ్రామ్) ఎక్కించడమే ఫ్లాషింగ్. ఈసారి బైండింగ్ (రిసీవర్‌ని జత చేయడం) చెబుతానన్నాను. వాయిదా. 3వ పాఠం పట్టుకుని ఫ్లాషింగ్‌కి కూర్చున్న చాలామంది "మాడ్యూల్ పోయింది సార్" అని రాశారు. పోలేదు. తప్పు కొంత నాదే. "యూఎస్‌బీ పెట్టండి, ఫ్లాష్ మల్టీలో పోర్ట్ ఎంచుకోండి" అని ఒక్క ముక్కలో తేల్చేశాను (ఫ్లాష్ మల్టీ అంటే ఈ ఫ్లాషింగ్ చేసే కంప్యూటర్ ప్రోగ్రామ్). ఆ పోర్టే రాకపోతే ఏం చేయాలో చెప్పలేదు.

మాడ్యూల్‌ని ట్రాన్స్‌మిటర్ నుంచి ఊడదీసి, యాంటెన్నా బిగించే ఉంచి పని చేయాలని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను. కేబుల్ గురించి కూడా ఒక్క మాటే. మాడ్యూల్‌లో లైటు వెలిగి, కంప్యూటర్ 'టింగ్' అనకపోతే ముందుగా అనుమానించాల్సింది కేబుల్నే. చార్జింగ్‌కి మాత్రమే పనికొచ్చే కేబుల్‌లో డేటా తీగలుండవు. దాంతో ఫోన్ నుంచి ఫొటోలు కాపీ అవుతున్నాయేమో చూస్తే తేలిపోతుంది. ఒకాయన కేబుల్‌ని ట్రాన్స్‌మిటర్ సాకెట్‌లో పెట్టి మాడ్యూల్ కోసం వెతికాడట. ఆ సాకెట్ రేడియోది. మాడ్యూల్‌కి దాని సాకెట్ దానికుంది.

ఇక అసలు సంగతి. నన్ను విసిగించింది ఇదే కాబట్టి కాస్త సాగదీస్తాను.

మన మాడ్యూల్‌లో ఉన్న చిప్ ఎస్‌టీఎం32ఎఫ్103. దీని రామ్‌లో కాదు, రోమ్‌లో (చెరగని మెమరీలో) కంపెనీ పెట్టిన లోడర్ (ఫర్మ్‌వేర్ ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) ఒకటుంది. దానికి సీరియల్ తెలుసు, యూఎస్‌బీ తెలియదు. యూఎస్‌బీలో మాట్లాడేది ఫ్లాష్ మెమరీ మొదట్లో 8 కేబీలో కూర్చున్న మేపుల్ బూట్‌లోడర్. కరెంటు రాగానే ముందు అది లేస్తుంది, కొద్దిసేపు కొత్త ఫర్మ్‌వేర్ కోసం చూస్తుంది, ఎవరూ పలకరించకపోతే లోపలున్న ఫర్మ్‌వేర్‌కి పగ్గాలిచ్చి తప్పుకుంటుంది.

అందుకే ఒకే మాడ్యూల్ కంప్యూటర్‌కి రెండు పేర్లతో కనిపిస్తుంది. బూట్‌లోడర్ మేలుకుని ఉన్నప్పుడు దాని యూఎస్‌బీ గుర్తింపు నంబర్ 1ఈఏఎఫ్:0003. డ్రైవర్ ఉంటే 'మేపుల్ డీఎఫ్‌యూ' అని, లేకపోతే పసుపు గుర్తుతో 'మేపుల్ 003' అని వస్తుంది. తర్వాత 1ఈఏఎఫ్:0004గా మారి, డివైస్ మేనేజర్‌లో పోర్ట్స్ కింద 'మేపుల్ సీరియల్' అని కామ్ నంబర్‌తో (సీరియల్ పోర్ట్‌కి విండోస్ ఇచ్చే నంబర్) కూర్చుంటుంది. మొదటిది మాయమై రెండోది రావడం లోపం కాదు, అలాగే జరగాలి.

ఇది తెలియక చాలామంది ఏం చేశారంటే, వీడియో ఏదో చూసి జాడిగ్ (యూఎస్‌బీ డ్రైవర్లు మార్చే ప్రోగ్రామ్) తెరిచారు. 0003 కనిపించి మాయమవుతుంది కదా, చేతికి దొరికిన 0004 మీద విన్‌యూఎస్‌బీ డ్రైవర్ ఎక్కించేశారు. అంతే, కామ్ పోర్ట్ ఎగిరిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు! ఒకరైతే 'లిస్ట్ ఆల్ డివైసెస్' నొక్కి, మౌస్‌కి ఎక్కించారు. మౌస్ కదలకపోయేసరికి వైరస్ అనుకున్నారు. జాడిగ్ చెడ్డదేం కాదు. మీరు ఏది చూపిస్తే దాని డ్రైవర్ మార్చేస్తుంది. ఫ్లాష్ మల్టీ ఇన్‌స్టాలర్‌తోనే డ్రైవర్లు వస్తాయి కాబట్టే గత పాఠంలో జాడిగ్ పేరెత్తలేదు.

ఇప్పటికే ఎక్కించేసినవాళ్లు మాడ్యూల్ పెట్టి ఉంచి, డివైస్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ నొక్కండి. డ్రైవర్‌ని కూడా తీసేయమనే టిక్ మర్చిపోవద్దు. అది పెట్టకపోతే మళ్లీ పెట్టగానే అదే డ్రైవర్ తిరిగొస్తుంది. తర్వాత కేబుల్ తీసి మళ్లీ పెట్టండి. విండోస్ 10, 11 అయితే తన సొంత సీరియల్ డ్రైవర్‌నే వేసుకుంటుంది.

లైనక్స్‌వాళ్లకి ఈ గోల లేదు, ఎల్‌ఎస్‌యూఎస్‌బీ (యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే కమాండ్) కొడితే చాలు. మీ యూజర్ డయలవుట్ గ్రూప్‌లో (సీరియల్ పోర్ట్ వాడే అనుమతి ఉన్నవాళ్ల గ్రూప్) ఉండాలి.

0003 ఒక్కసారి కూడా రాకపోతే బూట్‌లోడరే చెరిగి ఉండొచ్చు. అప్పుడు బూట్0 జంపర్ (రోమ్ లోడర్‌తో లేవమని చిప్‌కి చెప్పే చిన్న క్లిప్) పెట్టి, 3.3 వోల్టుల సీరియల్ అడాప్టర్‌తో రోమ్ లోడర్‌ని పట్టుకోవాలి. రోమ్ చెరగదు కాబట్టి ఈ దారి మూసుకుపోదు. పని అయ్యాక జంపర్ తీయండి. నేను ఒకసారి తీయకుండా మూత బిగించి, ఒక సాయంత్రమంతా బాగున్న మాడ్యూల్‌ని తిట్టుకున్నాను.

నిజం చెప్పాలంటే నేను ఇప్పుడు యూఎస్‌బీ జోలికి పెద్దగా వెళ్లను. ఎడ్జ్‌టీఎక్స్ (ట్రాన్స్‌మిటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న రేడియోలో ఎస్‌డీ కార్డు ఫర్మ్‌వేర్ ఫోల్డర్‌లో ఫైల్ వేసి, రేడియో నుంచే 'ఫ్లాష్ ఎక్స్‌టర్నల్ మల్టీ' కొట్టేస్తాను. కానీ బూట్‌లోడర్ పోయిన రోజున అది పనికిరాదు, అందుకే ఈ పాఠం.

అభ్యాసం: ఏమీ ఫ్లాష్ చేయొద్దు. డివైస్ మేనేజర్ తెరిచి, మాడ్యూల్‌ని పదిసార్లు తీసి పెట్టండి. ప్రతిసారీ ఏ పేరు ముందొచ్చింది, ఎన్ని సెకన్లుంది, తర్వాత ఏది వచ్చిందో కాగితం మీద రాయండి. తర్వాత ఇంకో కేబుల్‌తో మరో పది. పోయినసారి టీఏఈఆర్ (థ్రాటిల్, ఐలరాన్, ఎలివేటర్, రడ్డర్ వరస) ఫైల్ ఎక్కించి "థ్రాటిల్ కదిపితే ఎలివేటర్ కదులుతోంది" అన్నవాళ్లు, ప్రొపెల్లర్లు విప్పేసి, ఏఈటీఆర్ ఫైల్‌తో మళ్లీ ఫ్లాష్ చేయండి. అదీ ఈ కాగితం నిండాకే.