పని సాగడం లేదా? మనిషిని అనేముందు గదిని చూడండి

ఆఫీసులో పని మందగించగానే "శ్రద్ధ లేదు" అనేస్తారు. అది విసుగే తప్ప కారణం కాదు. ఇబ్బంది ఒక్కరికేనా, అందరికీనా? రోజంతా ఉందా, ఒక వేళకే వస్తోందా? ముందు ఇది తేల్చుకోండి.

సమస్య: మీటింగు మొదలైన గంటకే అందరికీ ఆవులింతలు.
కారణం: భోజనం తర్వాత కాస్త మగత సహజమే. కానీ పొద్దున కూడా ఇదే తంతు అయితే గాలిని అనుమానించండి. బయటి గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 420 పీపీఎం (అంటే పది లక్షల భాగాల్లో 420) ఉంటుంది. గదిలో 1,000 దాటిందంటే తాజా గాలి చాలడం లేదన్నమాట. ఏసీ ఉందిగా అనకండి, చాలా ఏసీలు లోపలి గాలినే చల్లబరిచి మళ్ళీ వదులుతాయి.
పరిష్కారం: మధ్యలో తలుపులు, కిటికీలు తెరవండి. మీటింగే కుదిస్తే మరీ మంచిది.

సమస్య: పొద్దుననగా కూర్చున్నా ఒక్క పనీ తెమలదు.
కారణం: ఎక్కువ చోట్ల అసలు జబ్బు ఇదే. ఒక పని సగంలో వదిలి మరోదానికి మళ్ళితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే ఉండిపోతుందని మేనేజ్‌మెంట్ పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లోనే పరిశోధన చేసి చూపారు. దీనికి పక్కవాళ్ళ మాటలు తోడవుతాయి. ఫ్యాను హోరును చెవి వదిలేస్తుంది గానీ, అర్థమయ్యే మాటను వదలదు.
పరిష్కారం: మెసేజ్‌లకు జవాబిచ్చే వేళలు రెండో మూడో పెట్టుకోండి, మిగతా సమయం నోటిఫికేషన్లు ఆపేయండి. ఫోను మాటలకు వేరే గది ఉండాలి. అయితే వెంటనే జవాబు కావాలని పట్టుబట్టేది తరచుగా పై అధికారే. ఆయన మారకుండా కింది వాళ్ళకు ఏకాగ్రత పాఠాలు చెప్పడం దండగ.

సమస్య: సాయంత్రానికి కళ్ళమంట, మెడనొప్పి.
పరిష్కారం: స్క్రీను చేయి చాపినంత దూరంలో, పై అంచు కంటి ఎత్తుకు మించకుండా ఉండాలి. కిటికీ వెలుగు పక్కనుంచి పడాలి.

సమస్య: చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేస్తున్నారు.
కారణం: పని చెప్పేవాళ్ళు ఇద్దరు, ఇద్దరివీ వేర్వేరు మాటలు.
పరిష్కారం: ఆఖరి మాట ఎవరిదో తేల్చండి. ఏది చేస్తే పని పూర్తయినట్టో ముందే రాసివ్వండి.

ఏ మార్పయినా ముందు ఒక గదిలో చేసి చూడండి, మొదటి వారం ఫలితాలను మాత్రం నమ్మకండి. ఎవరో గమనిస్తున్నారన్న స్పృహే కొన్నాళ్ళు వేగం పెంచవచ్చు. 1924లో అమెరికాలోని హాథార్న్ అనే ఫ్యాక్టరీలో మొదలైన ప్రయోగాల పేరే ఆ ప్రభావానికి పెట్టారు. నెల తర్వాతా ఆ వేగం నిలిస్తేనే మిగతా గదులకూ ఖర్చు పెట్టండి.