డిఫరెన్షియల్ బ్యాకప్‌తో కంప్యూటర్‌ను రీస్టోర్ చేసే ముందు జాగ్రత్తలు

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినందున చాలామంది కొత్త వెర్షన్‌కు మారుతున్నారు. ఆ మార్పు బెడిసికొడితే ఆదుకునేది బ్యాకప్పే కాబట్టి ముందుగా వీటిని సరిచూసుకోండి.

- స్థలం చాలడం లేదని పాత ఫుల్ బ్యాకప్‌ను తొలగించకండి. డిఫరెన్షియల్ ఫైలులో ఉండేది ఆ ఫుల్ బ్యాకప్ తర్వాత మారిన భాగం మాత్రమే కనుక, ఆధారం పోయాక అలాంటి ఫైళ్లు ఎన్ని మిగిలినా కంప్యూటర్ తిరిగి రాదు.

- ఇమేజ్ రీస్టోర్ (డిస్క్ లేదా దాని భాగం పూర్తి నకలును తిరిగి ఎక్కించడం) మొదలుపెట్టే ముందు, చివరి బ్యాకప్ తర్వాత చేసిన ఫైళ్లను వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. రీస్టోర్ చేసిన పార్టిషన్‌లో (డిస్క్ భాగంలో) ఇప్పుడున్నదంతా చెరిగిపోతుంది.

- ఆదివారం ఫుల్, సోమవారం నుంచి గురువారం వరకు రోజూ డిఫరెన్షియల్ తీసి ఉంటే, గురువారం నాటి స్థితికి రావడానికి ఆదివారం ఫైలు, గురువారం ఫైలు చాలు, మధ్యవి అక్కరలేదు. అయినా వాటిని ఉంచడమే మేలు, ఎందుకంటే గురువారం ఫైలు చెడిపోతే బుధవారం ఫైలు ఆదుకుంటుంది. ప్రతిసారీ అంతకుముందు బ్యాకప్ తర్వాత మారినదాన్నే దాచే ఇంక్రిమెంటల్ పద్ధతిలో ఈ వెసులుబాటు లేదు, అక్కడ వరుసలో ఒక్కటి చెడినా దాని తర్వాతివి పనికిరావు.

- రీస్టోర్‌కు వాడబోయే ఫుల్, డిఫరెన్షియల్ ఫైళ్లు రెండూ చెడిపోలేదని బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌తో వెరిఫై చేయించండి.

- రికవరీ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్ బూట్ అవుతుందో లేదో ఇప్పుడే చూడండి. బిట్‌లాకర్ (డ్రైవ్‌ను లాక్ చేసే విండోస్ సదుపాయం) ఉంటే, దాన్ని తెరిచే రికవరీ కీని కాగితం మీద రాసిపెట్టుకోండి.