ఫానుక్ వీఎంసీకి పోస్ట్ ప్రాసెసర్ సరిచేసుకోవడం ఎలా?

క్యామ్ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన టూల్ దారిని, ఫానుక్ కంట్రోల్ ఉన్న వీఎంసీ (నిలువు మిల్లింగ్ మెషిన్) చదివే జీ కోడ్‌గా మార్చేదే పోస్ట్ ప్రాసెసర్, క్లుప్తంగా పోస్ట్. ఒకే రకం లైన్‌ని ప్రతి ప్రోగ్రామ్‌లోనూ చేత్తో దిద్దుకుంటున్నారంటే తప్పు పోస్ట్‌లో ఉందన్నమాట. ఆటోడెస్క్ ఫ్యూజన్ అనే క్యామ్ సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మామూలు ఫానుక్ మిల్లింగ్ పోస్ట్‌ని 3 యాక్సిస్ మెషిన్‌కి తగ్గట్టు ఎలా మార్చుకోవాలో చూద్దాం.

ముందుగా, ఆ మెషిన్ మీద ఇప్పటికే సరిగ్గా నడిచిన ప్రోగ్రామ్ ఒకటి కంట్రోల్ నుంచి కాపీ చేసుకోండి. అదే జాబ్‌ని పోస్ట్ చేసి రెండు ఫైళ్లూ పక్కపక్కన పెడితే మార్చాల్సినవేవో బయటపడతాయి. సగం తేడాలు పోస్ట్ విండోలోని ప్రాపర్టీస్‌తోనే పోతాయి. మిగతావాటికే పోస్ట్ రాసి ఉండే డాట్ సీపీఎస్ ఫైల్ తెరవాలి. అది జావాస్క్రిప్ట్. అసలు ఫైల్‌ని ముట్టుకోకుండా కాపీ తీసి, మెషిన్ పేరు, తేదీ కలిపి సేవ్ చేయండి. వీఎస్ కోడ్‌లో ఆటోడెస్క్ పోస్ట్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే, జీ కోడ్‌లో ఏ లైన్ మీద నొక్కినా పోస్ట్‌లో దాన్ని రాసిన చోటికి తీసుకెళ్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, మళ్లీ పోస్ట్ చేసి పోల్చండి.

ఎక్కువ గుద్దుళ్లు టూల్ చేంజ్ దగ్గరే జరుగుతాయి. టూల్‌ని పైకి హోమ్‌కి పంపే “జీ91 జీ28 జెడ్0.” లైన్ తర్వాత, కొలతల్ని మళ్లీ అబ్సల్యూట్‌గా చదివించే జీ90 రాకపోతే ఆపై కదలికలన్నీ ఇంక్రిమెంటల్‌గా (ఉన్న చోటి నుంచి లెక్కిస్తూ) నడుస్తాయి. కొత్త టూల్ మొదటి జెడ్ కదలికలో టూల్ పొడవుని కలిపే జీ43, ఆ పొడవు నమోదైన హెచ్ నంబర్ లేకపోతే పొడవు లెక్కలోకి రాదు, టూల్ నేరుగా వైస్‌లోకి దిగుతుంది. ఇంకో చిక్కుంది. పాత విలువే కదా అని పోస్ట్ ఎక్స్, వై రాయకుండా వదిలేస్తుంది. ప్రోగ్రామ్‌ని మధ్యలోంచి మొదలుపెట్టే ఆపరేటర్‌కి ఇది ప్రమాదం. అందుకే టూల్ చేంజ్ అయ్యాక, వాటిని మళ్లీ రాయించే ఫోర్స్ ఎక్స్‌వైజెడ్ ఫంక్షన్ పిలవాలి. గొడుగు రకం ఏటీసీ (టూల్స్‌ని దానంతట అదే మార్చే ఏర్పాటు) ఉంటే, తర్వాతి టూల్‌ని ముందే సిద్ధం చేయించే ప్రీలోడ్ టూల్ ఆపేయండి. పాత టూల్‌ని దాని గూట్లో పెట్టకముందే మ్యాగజైన్ తిరగడం దానికి కుదరదు.

డెసిమల్ పాయింట్ చిన్న విషయంలా కనిపిస్తుంది. 3401 పారామీటర్ బిట్ 0 సున్నాగా ఉంటే, చుక్క లేని ఎక్స్10 అంటే మెషిన్‌కి 0.010 మి.మీ. మాత్రమే. కాబట్టి పోస్ట్ ప్రతి కొలతకీ చుక్క పెట్టేలా ఫార్మాట్ ఉంచాలి.

ఆర్క్‌లో ఆర్ (వ్యాసార్థం) వాడితే పూర్తి వృత్తం రాయలేం, మెషిన్ కదలకుండా నిలబడుతుంది. మొదలు నుంచి కేంద్రానికి దూరం చెప్పే ఐ, జే వాడటమే మేలు. కాకపోతే అతి చిన్న ఆర్క్‌లలో 3 దశాంశాలకు కుదించేసరికి మొదటి, చివరి వ్యాసార్థాలు కలవక అలారం వస్తుంది. అప్పుడు పోస్ట్‌లో మినిమమ్ కార్డ్ లెంగ్త్ (ఆర్క్ రెండు కొనల మధ్య ఉండాల్సిన కనీస దూరం) విలువను 0.25 మి.మీ. నుంచి కాస్త పెంచండి, ఆ ముక్కలు సరళ రేఖలుగా వస్తాయి.

ట్యాపింగ్‌లో రిజిడ్ ట్యాపింగ్‌ని ఆన్ చేసే ఎం29 ముందు, ట్యాపింగ్ సైకిల్ జీ84 తర్వాత. ఎం10 సైజు మర, 1.5 పిచ్, 500 ఆర్‌పీఎం అయితే ఫీడ్ 750. ఎవరైనా ఎస్ (ఆర్‌పీఎం) ఒక్కటే మారిస్తే ట్యాప్ విరుగుతుంది. జీ95లో (తిరుగుడుకి ఇంత ఫీడ్ అనే పద్ధతిలో) పిచ్‌నే ఎఫ్‌గా ఇచ్చేలా పోస్ట్ మారిస్తే ఆ బెడద ఉండదు, సైకిల్ అయ్యాక నిమిషానికి ఫీడ్ చెప్పే జీ94కి తిరిగి తేవడం మాత్రం మరవకూడదు. అన్నట్టు, కామెంట్లు ఇంగ్లిష్ పెద్దక్షరాల్లోనే ఉంచండి, పాత కంట్రోల్స్ మిగతావి చదవలేవు.

మొదటి పరీక్షకి రెండు టూల్స్, ఒక డ్రిల్ సైకిల్, ఒక పూర్తి వృత్తం ఉన్న జాబ్ చాలు. వర్క్ ఆఫ్‌సెట్ పేజీలో అన్ని ఆఫ్‌సెట్లకూ కలిసే ఈఎక్స్‌టీలో జెడ్‌ని +50 మి.మీ. పెట్టి (టూల్ అంత పైనే నడుస్తుంది), ర్యాపిడ్ 25 శాతానికి దించి, సింగిల్ బ్లాక్‌లో నడపండి. ప్రతి బ్లాక్‌కీ మిగిలిన దూరం చూస్తూ వెళ్లండి. అయ్యాక ఈఎక్స్‌టీని మళ్లీ 0 చేయండి.