మీ డేటాబేస్ క్లయింట్ ఏ సెట్టింగు ఫైలు చదువుతోందో తెలుసుకోవడం ఎలా?

బరంపురంలో పట్టుచీరల కొట్టయినా, పర్లాకిమిడిలో కాలేజీ ఆఫీసయినా పేర్ల పట్టిక ఒక్క లిపితో సరిపోదు. కొన్ని పేర్లు తెలుగులో ఉంటాయి, కొన్ని ఒడియాలో. పొద్దున ఒక లాగిన్‌లో చక్కగా కనిపించిన పేర్లు సాయంత్రం ఇంకో లాగిన్‌లో '????' అయి కూర్చుంటాయి. డేటా పోయిందనుకుని కంగారుగా పాత బ్యాకప్ ఎక్కించకండి. చాలాసార్లు డేటా భద్రంగానే ఉంటుంది. రెండో లాగిన్‌లో క్లయింట్ (మీరు డేటాబేస్ తెరిచే ప్రోగ్రాము) చదివిన సెట్టింగు ఫైలే వేరు.

కింది వివరాలు లైనక్స్‌లో మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ క్లయింట్‌కు సంబంధించినవి, చివర్లో మరో రెండు డేటాబేస్‌ల సంగతీ ఉంది. కమాండ్లను తెలుగు అక్షరాల్లో ఇచ్చాం, టెర్మినల్‌లో మాత్రం ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి.

1. ముందు క్లయింట్‌నే అడగండి

'మైఎస్‌క్యూఎల్ --హెల్ప్' కొడితే పొడవాటి జాబితా వస్తుంది. అందులో 'డిఫాల్ట్ ఆప్షన్స్' అని మొదలయ్యే వాక్యం వెతకండి. దాని కిందే ఫైళ్ల పేర్లు వరుసగా ఉంటాయి. మామూలుగా కనిపించేవి ఇవి:

/ఈటీసీ/మై.సీఎన్ఎఫ్
/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/మై.సీఎన్ఎఫ్
~/.మై.సీఎన్ఎఫ్

ఒక ఫైలు దొరికిందని క్లయింట్ అక్కడితో ఆగదు. ఉన్నవన్నీ వరసగా చదువుతుంది. ఒకే సెట్టింగు రెండు చోట్ల ఉంటే ఆఖర్న చదివిందే చెల్లుతుంది. కమాండ్‌తో పాటు చేత్తో కొట్టిన ఆప్షన్ వీటన్నిటినీ దాటుతుంది.

ఇప్పుడు 'మైఎస్‌క్యూఎల్ --ప్రింట్-డిఫాల్ట్స్' కొట్టండి. ఆ ఫైళ్లన్నిట్లోంచి క్లయింట్ ఏరుకున్న సెట్టింగులు బయటపడతాయి. ఈ ఆప్షన్ కమాండ్ పేరు పక్కనే, అన్నిటికన్నా ముందు ఉండాలి. చెప్పిన ఒక్క ఫైలునే చదివించే '--డిఫాల్ట్స్-ఫైల్'కూ ఇదే నియమం.

2. సరైన విభాగంలో రాయండి

మీ హోం ఫోల్డర్లోని ~/.మై.సీఎన్ఎఫ్‌లో ఈ రెండు వరసలు చాలు (యూటీఎఫ్8ఎంబీ4 అంటే తెలుగు, ఒడియా సహా అన్ని లిపులూ పట్టే అక్షర పద్ధతి):

[మైఎస్‌క్యూఎల్]
డిఫాల్ట్-క్యారెక్టర్-సెట్=యూటీఎఫ్8ఎంబీ4

చాలామంది పొరపాటున [మైఎస్‌క్యూఎల్‌డీ] కింద రాస్తారు. అది సర్వర్ విభాగం, క్లయింట్ దాని జోలికే పోదు. [క్లయింట్] విభాగాన్ని డంప్ (డేటా నకలు) తీసే ప్రోగ్రాముతో సహా అన్నీ చదువుతాయి కాబట్టి యూజర్ పేరు, పాస్‌వర్డ్, హోస్ట్ అక్కడ పెట్టండి. తనకు తెలియని ఆప్షన్ అక్కడ కనిపిస్తే ఆ ప్రోగ్రాము ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది.

క్లయింట్‌ను మూసి మళ్లీ తెరిచి '\ఎస్' కొట్టండి. క్లయింట్ క్యారెక్టర్‌సెట్ దగ్గర యూటీఎఫ్8ఎంబీ4 అని ఉంటే దారిలో పడ్డట్టే. లాటిన్1 (తెలుగు, ఒడియా పట్టని అక్షర పద్ధతి) అని ఉంటే దయచేసి ఒక్క కొత్త పేరు కూడా ఎక్కించకండి. అలా ఎక్కించిన తెలుగు పేరు ఆ లాగిన్‌లో బాగానే కనిపిస్తుంది, వేరే చోట తెరిస్తే అర్థంకాని గుర్తుల గుంపుగా వస్తుంది. తర్వాత మంచి పేర్లను చెడ్డవాటి నుంచి వేరుచేయడం పెద్ద చాకిరీ.

3. రాసినా చదవడం లేదా?

ఫైలును ఎవరు చదవొచ్చో, ఎవరు మార్చొచ్చో అంకెల్లో చెప్పే అనుమతులు చూడండి. ఎవరైనా మార్చగలిగేలా 666, 777 ఉన్న ఫైలును క్లయింట్ హెచ్చరిక చూపి వదిలేస్తుంది. 'సీహెచ్‌మోడ్ 600 ~/.మై.సీఎన్ఎఫ్' కొట్టండి, ఫైలును మీరొక్కరే చదవగలరు, మార్చగలరు. అందులో పాస్‌వర్డ్ ఉంటే అది ఎలాగూ తప్పనిసరి.

/ఈటీసీ/మైఎస్‌క్యూఎల్/కాన్ఫ్.డీ ఫోల్డర్లో పెట్టిన ఫైలు పేరు '.సీఎన్ఎఫ్'తో ముగియాలి. 'మై.సీఎన్ఎఫ్.పాతది' అని పేరు పెడితే చదవదు.

పాస్‌వర్డ్‌లో # ఉంటే అక్కడి నుంచి కామెంట్ అనుకుని కోసేస్తుంది. కోట్స్‌లో పెట్టండి.

అడ్మిన్ అధికారం ఇచ్చే 'సుడో'తో నడిపితే హోం ఫోల్డర్ /రూట్ అయిపోవచ్చు. అప్పుడు ~ అంటే మీ ఇల్లు కాదు. పొద్దున ఒకలా, సాయంత్రం ఒకలా కనిపించడానికి ఇది బాగా తగిలే కారణం.

ఒరాకిల్ వారి మైఎస్‌క్యూఎల్‌లో లాగిన్ వివరాలు దాచే ~/.మైలాగిన్.సీఎన్ఎఫ్ కూడా ఉండొచ్చు. దాన్ని ~/.మై.సీఎన్ఎఫ్ తర్వాత చదువుతుంది. కొత్త పాస్‌వర్డ్ రాసినా పాతదే పోతోందంటే దీన్ని అనుమానించండి.

4. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్ వాడేవారికి

పోస్ట్‌గ్రెస్ క్లయింట్ 'పీఎస్‌క్యూఎల్' మొదట అందరికీ ఉమ్మడిగా ఉన్న పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీ ఫైలును, తర్వాత మీ ~/.పీఎస్‌క్యూఎల్‌ఆర్‌సీని చదువుతుంది. ఉమ్మడి ఫైలు ఏ ఫోల్డర్లో ఉండాలో 'పీజీ_కాన్ఫిగ్ --సిస్‌కాన్ఫ్‌డిర్' చెబుతుంది. రెండూ వద్దనుకుంటే పెద్ద అక్షరంలో '-ఎక్స్' ఇవ్వండి.

పాస్‌వర్డ్‌లకు ~/.పీజీపాస్ వేరే ఉంది. ఒక్కో వరసలో హోస్ట్:పోర్ట్:డేటాబేస్:యూజర్:పాస్‌వర్డ్. ఇక్కడ పద్ధతి తిరగబడుతుంది, మొదట సరిపోయిన వరసే చెల్లుతుంది. 'ఏదైనా సరే' అని చెప్పే * గుర్తులతో నిండిన వరసను పైన పెడితే కిందివాటికి పనే ఉండదు. అనుమతి 600కు మించితే ఫైలు మొత్తాన్నీ పక్కన పెడుతుంది.

ఎస్‌క్యూలైట్‌కు ~/.ఎస్‌క్యూలైట్‌ఆర్‌సీ ఉంది. ఇంకో ఫైలు ఇవ్వాలంటే '-ఇనిట్' వాడాలి.

ఇన్ని చూసినా గుట్టు వీడకపోతే, ప్రోగ్రాము ఏ ఫైళ్లు తెరుస్తోందో చూపే ఎస్‌ట్రేస్ ఉంది, 'ఎస్‌ట్రేస్ -ఇ ట్రేస్=ఫైల్ మైఎస్‌క్యూఎల్ --హెల్ప్' నడపండి. క్లయింట్ తడిమిన ప్రతి ఫైలు పేరూ వస్తుంది. లేని ఫైలు పక్కన 'ఈనోఎంట్' అని ఉంటుంది. మీరు దిద్దిన ఫైలు పేరు ఆ జాబితాలో అసలే లేకపోతే మీరు దిద్దింది వేరే చోట.