అమెరికాలో కారు బీమా, మనంతట మనం: 4వ పాఠం – కొత్త కారును ఉన్న పాలసీలో చేర్చడం

పోయిన పాఠంలో డిక్లరేషన్స్ పేజీ, అంటే పాలసీలో ఏ కారుకు ఏ కవరేజ్ ఉందో చూపే మొదటి కాగితం, చదవడం నేర్చుకున్నాం. ఆ కాగితాన్ని మళ్లీ ముందు పెట్టుకోండి, ఈ పాఠమంతా దానితోనే పని.

మనవాళ్లలో ఒక మాట బాగా పాతుకుపోయింది. "పాలసీ ఉందిగా, కొత్త కారుకి కొన్నాళ్లు దానంతటదే కవర్ ఉంటుంది, నింపాదిగా చెప్పొచ్చు" అని. ఇందులో సగం నిజం. రెండో సగం తెలియకపోతే కొంప మునుగుతుంది.

అమెరికాలో చాలా కంపెనీల పాలసీలకు ఐఎస్‌ఓ (బీమా కంపెనీలకు నమూనా పాలసీలు రాసే ఇన్సూరెన్స్ సర్వీసెస్ ఆఫీస్) తయారుచేసిన పర్సనల్ ఆటో పాలసీ మూలం. దాని 2005 నమూనాలో "న్యూలీ అక్వైర్డ్ ఆటో" (కొత్తగా సొంతమైన కారు) అని ఒక భాగం ఉంది. మీ పాలసీ పీడీఎఫ్‌లో ఆ మాటలే వెతకండి. గడువులు కంపెనీని బట్టి మారతాయి, కొన్ని ముప్పై రోజులు కూడా ఇస్తాయి. కాబట్టి కింద చెప్పే అంకెల పక్కన మీ అంకెలు రాసుకోండి.

ముందు లయబిలిటీ, అంటే ఎదుటివాళ్లకు మనవల్ల జరిగే నష్టం. పాత కారు తీసేసి దాని స్థానంలో కొత్తది కొంటే ఇది అడగకుండానే వస్తుంది. పాతది ఉంచుకుని అదనంగా కొంటే మాత్రం 14 రోజుల్లోగా కంపెనీకి చెప్పాలి. చెబితే కొన్న రోజు నుంచే వర్తిస్తుంది. పాలసీలో ఉన్న కార్లలో దేనికి ఎక్కువ కవరేజ్ ఉంటే దాని స్థాయిలోనే దీనికీ ఇస్తారు.

అసలు చిక్కు కొలిజన్, కాంప్రహెన్సివ్ దగ్గరుంది. ఇవి మన కారుకే జరిగే నష్టానికి: గుద్దుకుంటే కొలిజన్, దొంగతనం, వడగళ్ల వంటివాటికి కాంప్రహెన్సివ్. పాలసీలో కనీసం ఒక కారుకైనా కొలిజన్ ఉంటే కొత్త కారు కొలిజన్‌కు 14 రోజుల గడువు. ఏ కారుకూ లేకపోతే గడువు 4 రోజులే. కాంప్రహెన్సివ్‌కూ విడిగా ఇదే లెక్క. పాత కారు స్థానంలో కొన్నా సరే, ఈ రెండింటికీ చెప్పి తీరాలి. 4 రోజుల గడువులో, ఇంకా చెప్పకముందే ప్రమాదం జరిగి, గడువు లోపల చెబితే, 500 డాలర్ల డిడక్టిబుల్ (మనం భరించాల్సిన వాటా) మినహాయించి మిగతాది ఇస్తారు. గడువు దాటాక చెబితే చెప్పిన క్షణం నుంచే కవర్, అంతకుముందు జరిగినదానికి ఏమీ రాదు.

రోజుల లెక్క కారు మీ సొంతమైన తేదీ నుంచి మొదలవుతుంది. నంబర్ ప్లేటు వచ్చిన రోజు నుంచి కాదు.

ఒక లెక్క చేద్దాం. ఒక కుటుంబానికి పాత కారు ఉంది, దానికి లయబిలిటీ మాత్రమే. శనివారం అప్పు మీద రెండో కారు కొన్నారు. ఎవరికీ చెప్పలేదు. వచ్చే శుక్రవారం పార్కింగ్‌లో దీపస్తంభానికి కొట్టారు. ఆ రోజే కంపెనీకి ఫోన్ చేశారనుకోండి. స్తంభం ఖర్చు లయబిలిటీ కిందకు వస్తుంది, 14 రోజులు కాలేదు కాబట్టి. బంపర్, హెడ్‌లైట్ ఖర్చు మాత్రం జేబులోంచే, 4 రోజులు దాటాయి కాబట్టి. కారు పాడైనా అప్పు వాయిదా ఆగదు. అదే ప్రమాదం సోమవారం జరిగి, ఆ రోజే చెప్పి ఉంటే 500 పోను మిగతాది వచ్చేది.

అందుకే నా సలహా ఒక్కటే. ఈ గడువును మరిచిపోయినవాళ్లకు ఆసరాగా చూడండి, పని వాయిదా వేయడానికి వీలుగా కాదు. తాళాలు చేతికి రాకముందే కారును చేర్పించండి. డీలర్ ఎలాగూ బీమా రుజువు అడుగుతాడు. ఏజెంట్ ఆఫీసు మూసే వేళైనా చాలా కంపెనీల యాప్‌లో కారు చేర్చుకోవచ్చు. చేర్చాక వచ్చిన ధ్రువీకరణ దాచుకోండి.

ఫోన్ చేసే ముందు దగ్గర ఉంచుకోవాల్సినది విన్ నంబర్, అంటే కారు గుర్తింపు సంఖ్య. డ్రైవర్ వైపు ముందు అద్దం (విండ్‌షీల్డ్) కింద డాష్‌బోర్డు మూలన ఉంటుంది, పదిహేడు అక్షరాలు. అందులో ఐ, ఓ, క్యూ ఎప్పుడూ ఉండవు. ఒకటి, సున్నా అనిపించినవి అంకెలే. పదో స్థానం మోడల్ సంవత్సరం: ఆర్ అయితే 2024, ఎస్ అయితే 2025. సేల్ కాగితం మీద ఉన్నదీ కారు మీద ఉన్నదీ ఒక్కో అక్షరం సరిచూడండి.

తర్వాత ఎవరు ఎక్కువ నడుపుతారు, రాత్రి ఎక్కడ ఉంటుంది, ఏడాదికి సుమారు ఎన్ని మైళ్లు అని అడుగుతారు. డెలివరీకో, కిరాయికో వాడే ఉద్దేశం ఉంటే దాచకండి. మామూలు పాలసీలు ప్రయాణికులను కిరాయికి ఎక్కించుకోవడాన్ని మినహాయిస్తాయి. అప్పు ఉంటే బ్యాంకు పూర్తి పేరు, చిరునామా అప్పు పత్రంలో ఉన్నట్టే చెప్పండి. ఆ పేరు లాస్ పేయీగా (కారు నష్టపరిహారంలో హక్కున్నవాళ్లుగా) ఎక్కాలి. మీరు తగిన బీమా పెట్టకపోతే అప్పిచ్చినవాళ్లే ఒకటి కొని ఖర్చు మీ మీద వేస్తారు. అది చాలా ఖరీదు, పైగా ప్రధానంగా వాళ్ల సొమ్మునే కాపాడుతుంది.

మనవాళ్లు గట్టిగా గమనించాల్సింది ఇంకొకటి ఉంది. ఈ గడువులన్నీ "మీరు" కొన్న కారుకే. ఆ నమూనాలో "మీరు" అంటే పాలసీ మీద పేరున్న వ్యక్తి, అదే ఇంట్లో ఉంటున్న భార్య లేదా భర్త. రూమ్మేట్ తన పేరున కొన్న కారు మీ పాలసీ గడువులోకి రాదు, ఇద్దరూ ఒకే ఇంట్లో ఉన్నా సరే. ఉద్యోగం వచ్చిన కొడుకు కారు టైటిల్ (యాజమాన్య పత్రం) తన పేరుమీదే రాయించుకుంటే అదీ అంతే. ఇలాంటప్పుడు కొనకముందే ఏజెంటును అడగడం తప్పదు.

మార్పు అయ్యాక కొత్త డిక్లరేషన్స్ పేజీ వస్తుంది. దాన్ని చదవకుండా వదిలేయకండి. విన్, అమలు తేదీ, ఒక్కో కారుకు విడివిడిగా డిడక్టిబుల్, బ్యాంకు పేరు, ఈ నాలుగూ చూడండి. ప్రీమియం పాలసీలో మిగిలిన రోజులకే లెక్కగట్టి పెంచుతారు.

అభ్యాసం: మీ పాలసీలో ఆ భాగం తెరిచి మూడు జవాబులు రాయండి. అదనపు కారుకు ఎన్ని రోజులు? కొలిజన్ లేని పాలసీకి ఎన్ని రోజులు? గడువులో ప్రమాదమైతే డిడక్టిబుల్ ఎంత? దొరకకపోతే ఏజెంటుకు రాసి, జవాబు రాతపూర్వకంగానే తెప్పించుకోండి.

5వ పాఠంలో గ్యాప్ బీమా చూద్దాం. కారు పూర్తిగా పోయినప్పుడు బీమా ఇచ్చే ఆనాటి విలువకీ, మిగిలిన అప్పుకీ మధ్య తేడా ఎలా లెక్కగట్టాలో అందులో ఉంటుంది. మీ అప్పు పత్రం వెతికి పెట్టుకోండి.